నాయిన తలకాడి మన్ను

“ఆ చెంబు నా కండ్ల ముందలకెల్లి తీసెయ్ శ్రీశైలం. తీస్తవా, నన్నే ఇసిరి కొట్టుమంటవా?”

మణెమ్మ గొంతు వీధి చివరి దాకా వినిపించింది. తొంభైకి దగ్గర పడ్డ మనిషి. మొన్నటిదాకా మంచం దిగాలంటే కోడలి భుజం కావలసిన మనిషి. ఇప్పుడు గోడ కూడా పట్టుకోకుండా వాకిట్లో నిలబడి కొడుకు మీద అరుస్తోంది.

అరుగు మీద కొత్త ఇత్తడి చెంబు ఉంది. దాని మెడకు మూడు రంగుల రిబ్బను. లోపల నిండా ఎర్రమన్ను. పొద్దు పొడవగానే చేనికి పోయి ఆ మన్ను తవ్వి, బెడ్డలు చిదిపి, జల్లెడ పట్టి తెచ్చాడు శ్రీశైలం. తల్లి సంతోషిస్తుందనుకున్నాడు.

“ఏమైందమ్మా? మనం దున్నే చేను మన్నే గద తెచ్చింది.”

“ఎవ్వని చేనురా?”

“మనదే... కౌలుదనుకో.”

“ఎవ్వని దగ్గర కౌలు? పేరు పెట్టి చెప్పు.”

శ్రీశైలం పక్కకు చూశాడు. “జగదీశ్ పటేల్‌ది.”

“వాని తాత ఎవ్వడు? భీమయ్య పటేల్. ఆ భీమయ్య చేన్లనే మా అన్న అప్పు కింద జీతమున్నడు. ఎండకు ఎండి, వానకు నాని, ఆ చేన్లకెల్లే పారిపోయిండు. ఏ మన్ను మోసి మోసి ఇగ మొయ్యనని పోయిండో, అదే మన్ను తీస్కపోయి ఆయన ఎద మీద పోద్దామంటవా? సచ్చినంక గూడ ఆయన్ను ఇడువరా?”

శ్రీశైలానికి అసలా సంగతి తట్టనే లేదు. ఏళ్ల తరబడి చెమట పోసిన చేను కదా, తమదే అనుకున్నాడు. కౌలుకు దున్నేవాళ్లు చాలామంది చేసే పొరపాటే అది.

గతవారం ఇదే వాకిట్లో ఈ ముసలామె మనుమడి ఫోన్‌ను చెంపకు ఆనించుకొని ఏడ్చింది. ఫోన్‌లో ఉన్నది ఒక సమాధి రాయి ఫొటో. మనుమడు ప్రేమ్ కుమార్ సింగపూర్‌లో భవనాల పనికి పోయినవాడు. సెలవు రోజున చర్చి స్నేహితులతో అక్కడి యుద్ధ సమాధుల తోట చూడబోతే, వరుసల మధ్య ఒక రాయి మీద ఇంగ్లీషులో మాసయ్య అన్న పేరు కనబడింది. బాంబులేసే విమానంలో తుపాకి దగ్గర కూర్చునేవాడట. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ విమానం కూలి చనిపోయాడట. ఆ తోట చూసుకునేవాళ్లను అడిగితే తండ్రి పేరు కుర్మయ్య అన్నారు, ఊరు జిల్లెలకుంట అన్నారు. తిమ్మాజిపేట మండలంలో జిల్లెలకుంట ఒక్కటే, ఈ ఊరే. అక్కడి కుర్మయ్య కొడుకు మాసయ్య కూడా ఒక్కడే, మణెమ్మకు తోడబుట్టిన అన్న.

ప్రేమ్ కుమార్ సెలవు మీద ఇంటికొచ్చాడు. ఫొటో పేపర్లో పడింది. అంతే, ఊరికి ఉన్నట్టుండి దేశభక్తి పుట్టుకొచ్చింది.

ఊరి మొదట్లో జగదీశ్ తన తాత పేరు మీద కమాను కట్టిస్తున్నాడు. తాత పేరు కింద మాసయ్య పేరు కూడా రాయించాడు, అదీ పేపర్లో పడ్డాకే. ఫ్లెక్సీ మీద భీమయ్య పటేల్ తలపాగా చుట్టుకొని నిలువెత్తున ఉన్నాడు. ‘మాసయ్యను దీవించి యుద్ధానికి పంపిన మహనీయుడు’ అని అక్షరాలు. మాసయ్య ఫొటో ఎవరి దగ్గరా లేదు గనక ఆ చోట ఒక విమానం బొమ్మ పెట్టారు. అదీ నిన్నగాక మొన్న వచ్చిన కొత్త యుద్ధవిమానం. జగదీశ్ సర్పంచ్‌గా నిలబడబోతున్నాడన్న సంగతి ఈ కథ చదివేవాళ్లకు కొత్తగా చెప్పాలా!

ఈ మధ్యాహ్నమే కమాను ప్రారంభం. మణెమ్మ వేదిక మీద ఆ చెంబును మనుమడి చేతికివ్వాలి. రేపు శంషాబాద్‌లో విమానం ఎక్కే ప్రేమ్ కుమార్ ఆ మన్ను తీసుకుపోయి మాసయ్య సమాధి మీద పోయాలి. ఏర్పాటంతా జగదీశ్‌దే. చెంబూ రిబ్బనూ అతను పంపినవే.

“అత్తా, జర నిమ్మలంగ కూసో.” కోడలు రేణుక తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. “ఏ మన్నయితే ఏంది? అంత దూరంల ఎవరికి తెలుస్తది?”

“ఆయనకు తెలుస్తది.”

“ఆయనకు తెలుస్తదేమో గాని, పటేల్‌కు కోపమొస్తే మన గతేంది? చేను గుంజుకుంటే ఏం తినాలె? పెండ్లయిన కొత్తల నేను పూణెల వంతెన పనికి పోయి తట్ట మోసిన. నీ మనుమడు ఆ వంతెన కిందనే పుట్టిండు. మల్ల నన్ను తట్ట మొయ్యుమంటవా?”

మణెమ్మ కోడలి వైపు చూసింది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. అందుకే మణెమ్మకు కోపం ఇంకా పెరిగింది.

“అవ్వా,” అన్నాడు ప్రేమ్ కుమార్, చెంబును అరుగు మీంచి తీసి మూలకు పెడుతూ. “ఈ చెంబును ఏర్‌పోర్టుల ఎట్లాగూ పట్టుకపోనియ్యరు. నేను చిన్న డబ్బల పిడికెడు పోసుకోని పోత. అది ఏ మన్నో నువ్వు చెప్పు. నువ్వు చెప్పిందే తెస్త.”

ముసలామె అరుగు మీద కూలబడింది.

“మన పాలమూరోళ్లు డ్యాములు కట్టబోయి యాడెయాడనో సచ్చిపోతుండె. గిప్పటి లెక్క పీనుగును బండ్లె ఏసి తెచ్చే కాలం గాదు. ఆడ్నే పాతిపెడుతుండ్రి. ఇంటికి వచ్చి మల్ల పనికి పోయేటోడు, ఆ సచ్చినోని తండ్రి బొంద తలకాడి మన్ను పిడికెడు గుడ్డల కట్టుక పోతుండె. ఆడికి పోయి పోస్తుండె. ఆ మన్ను పడ్డంకనే వాడు మనోళ్లల్ల కలుస్తడు. పడేదాక వాని పేరు ఇంట్ల పిలువొద్దు.”

“అందుకేనా నువ్వు ఎప్పుడూ ‘మా అన్న’ అంటవు గాని పేరు పెట్టి అనవు?”

“ఎట్లంట? మన్ను పడలే గద.” ఆమె వాకిలి వైపు చెయ్యి చూపింది. “వాకిట్ల నిలవడి గట్టిగ పిలిచేదాన్ని, చిన్నప్పుడు. మిషన్ బడికెల్లి వస్తుంటే ఎదురు ఉరుకుతుంటి. సచ్చిపోయిండని వైరొచ్చిన రోజు మా నాయిన నా నోరు మూసిండు. మన్ను పడేదాక పిలువొద్దు బిడ్డా అన్నడు. నాయిన పోయిండు, అమ్మ పోయింది. పిలిచేదాన్ని నేనొక్కదాన్నే మిగిలిన. పోయే ముందల ఒక్కసారి మా అన్నను పేరు పెట్టి పిలువాలె. నేనడిగేది గంతే.”

ఊళ్లోంచి మైకు వినిపిస్తోంది. ‘మాసయ్య అమర్ రహే’ అని ఎవరో గొంతు పరీక్షించుకుంటున్నారు. చెల్లెలు నోట పలకకుండా ఇన్నాళ్లూ దాచుకున్న పేరును ఊరు సౌండ్ బాక్సుల్లో పెట్టి అరుస్తోంది.

“అయితే ముత్తాత తలకాడి మన్నే తెస్త,” అన్నాడు ప్రేమ్ కుమార్ ఉత్సాహంగా. “ఆయన బొంద యాడుంది?”

రేణుక కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది. శ్రీశైలం కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీశాడు. ప్రేమ్ కుమార్ ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూశాడు.

“ఏంది, ఎవరూ చెప్పరు?”

“చెప్పురా శ్రీశైలం,” అంది మణెమ్మ. “నీ కొడుకే అడుగుతుండు.”

“జగదీశ్ పటేల్ మామిడి తోటల ఉంది,” అన్నాడు శ్రీశైలం నేల వైపే చూస్తూ. “అప్పట్ల అది మనోళ్ల బొందలగడ్డ. కల్వకుర్తి కాలువ నీళ్లొచ్చినంక ఆయన దాన్ని గూడ కలుపుకోని కంచె ఏసిండు. మనకు కాలువ అవతల జాగ చూపిచ్చిండ్రు.”

“మరి ఎవరూ అడగలేదా?”

“అడిగేటోళ్లంత ఆయన చేన్లనే కౌలు చేస్తుండిరి.”

ఆ తోటకు నీళ్లు కట్టేది కూడా శ్రీశైలమే. తోట గేటు తాళంచెవి అతని మొలతాడుకే వేలాడుతూ ఉంటుంది. ప్రేమ్ కుమార్ చూపు తండ్రి నడుము మీద పడింది.

“తాళంచెవి నీ దగ్గరే ఉంది గద నాయినా! మరి ఇంకేంది లొల్లి? పోయి పిడికెడు తెచ్చుకుందం.”

శ్రీశైలానికి ప్రాణం లేచొచ్చింది. “అదే నేనూ అంటున్న. అమ్మా, పొద్దుగూకినంక చప్పుడు గాకుండ నేనే తెచ్చిస్త. చెంబు చెంబే ఉంటది, వాళ్ల ఫొటోలు వాళ్లు దిగుతరు. వీడు మన మన్ను జేబుల ఏసుకోని పోతడు. ఎవ్వరికీ తెల్వదు.”

“దొంగతనంగనా?”

మణెమ్మ అరచేత్తో అరుగు మీద చరిచింది.

“మా అన్న దొంగ లెక్క పారిపోయిండని ఈ ఊరు ఊరంత అన్నది. మనది పారిపోయినోని ఇల్లని నన్ను నీళ్లకాడ గూడ ఎక్కిరిస్తుండె. ఆయనకు దొంగ మన్ను పొయ్య నేను. గేటు తెరువాలె. అందరు చూస్తుండగ తెరువాలె. మా నాయిన తలకాడ కూసోని నా చేతులతోని తీస్త.”

“అడిగితే ఇయ్యడమ్మా! ఆడ బొంద ఉందని ఒప్పుకుంటే అది బొందలగడ్డ అని ఒప్పుకున్నట్టే గద. రేపు ఊరంత వచ్చి మా తాత బొంద, మా అవ్వ బొంద అని నిలవడతరు. ఎట్లిస్తడు?”

“ఇయ్యకపోతే ఇయ్యనని ఆయన నోటితోనే చెప్పనియ్యి.”

చెప్పడానికి ఆయనే వచ్చాడు. తెల్ల చొక్కా, భుజాన పార్టీ కండువా, చేతిలో ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన శాలువా. జగదీశ్‌ది ఎప్పుడూ నవ్వుమొహమే. కౌలు పెంచేటప్పుడు కూడా నవ్వుతూనే పెంచుతాడు.

“అవ్వా, తయారైనవా? కుర్చి ఏపిచ్చిన. స్టేజి మీద ఫ్యాన్ గూడ పెట్టిచ్చిన. నువ్వు రెండే రెండు మాటలు మాట్లాడు చాలు. మా పటేల్ దీవించి పంపిండు, మా అన్న దేశం కోసం పాణమిచ్చిండు. గంతే. మైకు నేను పట్టుకుంట.”

మణెమ్మ లేవలేదు. పూర్వమైతే పటేల్ ఇంటి మనిషి వాకిట్లోకి వస్తే ఆమె తల మీద కొంగు కప్పుకొని పక్కకు జరిగేది. ఇప్పుడు కూర్చున్నచోటే కూర్చుంది.

“మీ తాత దీవించిండా?”

“పెద్దోళ్లు చెప్పంగ విన్న అవ్వా.”

“నేను చూసిన. నువ్వు విన్నదేందో, నేను చూసిందేందో జర విను. మా అన్న మీ ఇంట్ల జీతం ఇడిసి మేస్త్రిగాళ్లతోని పోయిండు. యాడనో విమానాల మైదానం చదును జేస్తుంటే మట్టి తట్ట మోసిండు. మిషన్ బడిల నేర్చిన ఇంగ్లీషు ముక్కలు ఆడ ఎవ్వలో దొర విన్నడు. గట్ల ఫౌజుల పడ్డడు. ఒక్కసారి సెలవు మీద ఊరికొచ్చిండు. కాళ్లకు బూట్లు. ఎంత మెరుస్తున్నయో! మీ ఇంటి ముందలికెల్లి నడిచి వస్తుంటే మీ తాత ఆపిండు. బూట్లు ఇడిసి చేతుల పట్టుకోని పోరా అన్నడు.”

“పాత ముచ్చట్లు ఇప్పుడెందుకవ్వా...”

“ఇడువలే మా అన్న! ఇడువకుండనే నడిచొచ్చిండు. అన్నం తిని ఆ పూటే పోయిండు, మల్ల రాలే. బూట్లు ఇడువనందుకు మా నాయినను మీ వాకిట్ల కట్టేసి కొట్టిండ్రు. వైరు గూడ మీ ఇంటికే వచ్చింది. నీ కొడుకు సచ్చిండురా కుర్మయ్యా అని చెప్పి, ఆ నోటితోనే, వాని జీతం ఎవరు తీరుస్తరురా అని అడిగిండు మీ తాత. ఎవరు తీర్చిండ్రో ఎరుకనా? నేను. బొడ్డూడని పిల్లను. తెల్లారి సంది మీ పసుల ఎంబడి పోయిన. ఇంట్ల మొగదిక్కు లేదని నన్ను బయటికియ్యక ఇల్లరికం తెచ్చిండ్రు. దీవించిండంట!”

రేణుక గుమ్మంలో కొయ్యబారిపోయింది. అత్త పసుల వెంబడి పోయిందని తెలుసు గానీ, ఎందుకు పోయిందో ఇన్నేళ్లలో ఒక్కనాడూ వినలేదు.

జగదీశ్ నవ్వు సగం చెరిగింది. “నేను పుట్టక ముందటి ముచ్చట అవ్వా. దానికి నన్నేం జెయ్యమంటవు? అందుకే గద ఇప్పుడు మీ అన్న పేరు ఊరి మొదట్ల పెట్టిస్తున్న. ఇంకేం గావాలె నీకు?”

“పిడికెడు మన్ను.”

“చెంబు నిండ తెప్పిచ్చిన గద!”

“అది కాదు. మా నాయిన తలకాడిది. నీ మామిడి తోటల ఉంది. గేటు తెరిపియ్యి.”

జగదీశ్ శాలువా కవరును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. వాకిట్లో ఎవరెవరున్నారో ఒకసారి చూసుకున్నాడు. గోడ అవతల పక్కింటి పెంటమ్మ బట్టలు ఆరేయడం ఆపి చెవి ఇటు పెట్టింది.

“తోటల బొందలెక్కడియి అవ్వా? కాయితాలల్ల అది పట్టా భూమి. నీకు వయసు మీద పడ్డది, జాగ మరిచినవు.” ఆ మాట అంటూనే శ్రీశైలం వైపు తిరిగాడు. “రోజూ నీళ్లు కట్టేటోడు వీడే గద. నువ్వు చెప్పు శ్రీశైలం. తోటల బొందలున్నయా?”

ఎంత మెత్తగా అడిగాడో! ఆ మెత్తదనంలో చేనూ, కౌలూ, రేణుక నెత్తి మీది తట్టా అన్నీ ఉన్నాయి.

తల్లి కొడుకునే చూస్తోంది. కొడుకు కళ్లు ఎత్తలేదు.

“తెల్వదు పటేలా,” అన్నాడు శ్రీశైలం.

ఇంతసేపూ అరిచిన మణెమ్మ ఆ మాటకు అరవలేదు, ఏడవలేదు. కొడుకు ముఖం వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత అరుగు పట్టుకొని మెల్లగా లేచింది.

“సరే పటేలా. నువ్వు పో. నేనొస్త స్టేజి కాడికి.”

“గదీ మాట!” జగదీశ్ శాలువాను అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు.

రేణుక అత్తకు తెల్లచీర కట్టి, తల దువ్వి ముడి వేసింది. ఆమె చేతులు ఎప్పటిలా గబగబా ఆడలేదు.

వాకిట్లో తండ్రీకొడుకులు మిగిలారు.

“తెల్వదంటివి గద నాయినా.”

“నీకేందిరా, రేపు విమానమెక్కి పోతవు. ఈడ ఉండేది మేము.”

“అవ్వ వాళ్ల అన్న గూడ విమానమెక్కే పోయిండు,” అన్నాడు ప్రేమ్ కుమార్. “ఈడ మీరంత ఉన్నరనే గద అవ్వకు ధైర్యం.”

శ్రీశైలం చెయ్యెత్తాడు. కొడుకు పక్కకు తప్పుకోలేదు. ఎత్తిన చెయ్యి ఏం చేయాలో తెలియక తన తలనే గోక్కుంది. తర్వాత అతను చెంబు తీసుకొని ముందు నడిచాడు.

కమాను దగ్గర జనం బాగానే పోగయ్యారు. ఎండ మండిపోతోంది. రెండు షామియానాలు, ఎర్ర తివాచీ, దాని చివర వేదిక. వేదిక మెట్ల దగ్గర ఒక కండువా మనిషి మణెమ్మను ఆపాడు.

“అవ్వా, చెప్పులు ఈడ ఇడువు. పైన పటేల్ ఫొటోకు దీపం పెట్టిండ్రు.”

“మా అన్న ఇడువలే,” అని ఆమె చెప్పులతోనే ఎక్కింది. ఆ మనిషికి ఏమీ అర్థం కాలేదు.

పైన మెడ నిండా దండతో భీమయ్య పటేల్ ఫొటో. పక్కన ఆ విమానం బొమ్మ. ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఒకాయన మాసయ్యను దేశం ముద్దుబిడ్డ అన్నాడు. ఇంకొకాయన పాలమూరు పులి అన్నాడు. అన్నం పెట్టి ఇంగ్లీషు చదివించి పంపిన పటేల్ దొడ్డ మనసు గురించి మూడో ఆయన కళ్లు తుడుచుకున్నాడు. వాళ్లలో ఒక్కరికైనా సిగ్గు లేకపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

జగదీశ్ మణెమ్మకు శాలువా కప్పి, మైకును ఆమె నోటి దగ్గర పెట్టాడు. “అవ్వా, ఒక్కసారి మీ అన్న పేరు చెప్పు. అందరం జై కొడతం.”

“చెప్ప.”

జనం నవ్వారు. ముసలామెకు సిగ్గేమో అనుకున్నారు.

“మన్ను పడనోని పేరు పిలువొద్దు. మీ ఇండ్లల్ల పెద్దోళ్లుంటే అడుగుండ్రి, ఎరుకనే ఉంటది.”

జనం నవ్వు తగ్గింది. వెనక వరుసలో తలపాగా ఉన్న ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు.

“ఇగో, ఈ చెంబుల ఉన్నది భీమయ్య పటేల్ చేను మన్ను. దీన్ని ఇడిసి పోయినోడు మా అన్న. ఆయనను ఎవ్వలు పంపలే. ఎవ్వలు దీవియ్యలే. ఆయనే పోయిండు. బూట్లు ఏసుకోని పోయిండు.”

పక్కనే నిలబడ్డ శ్రీశైలం చేతిలోంచి చెంబు లాక్కొని ఆమె వేదిక మీదే బోర్లించింది. ఎర్రమన్ను జారి జగదీశ్ కాళ్ల దాకా పోయింది. ఫోన్లన్నీ ఒక్కసారి పైకి లేచాయి. జగదీశ్ మైకును వెనక్కి గుంజుకోబోయాడు గానీ అంతమంది ఫోన్లు చూసి ఆగిపోయాడు.

“నాకు మా నాయిన తలకాడి మన్ను గావాలె. పటేల్ తోటల ఉంది. మా నాయినదొక్కటే గాదు, మీ తాతలయి గూడ ఆడ్నే ఉన్నయి. లేవంటుండు ఈయన. గేటు తాళంచెవి నా కొడుకు మొలతాడుకే ఉంది.”

ఊరు మొత్తం శ్రీశైలం వైపు చూసింది.

“శ్రీశైలం,” అన్నాడు జగదీశ్. నవ్వు ఇంకా ఊడిపోలేదు. “అవ్వకు ఎండ తగిలినట్టుంది. జర ఇంటికి తీస్కపో. పొద్దుగాల నువ్వే చెప్తివి గద, ఆడ బొందలు లేవని.”

“లేవనలే. తెల్వదని అన్న పటేలా,” అన్నాడు శ్రీశైలం.

అతని గొంతు మైకులో పడలేదు. ముందు వరుస వాళ్లకు మాత్రమే వినిపించింది. వేదిక పక్కన నిలబడిన రేణుక భర్తనే చూస్తోంది. అతను ఆమె వైపు చూశాడు. ఆ చూపు చేను గురించే, ఆమెకు తెలుసు. పూణె వంతెన గురించి కూడా, అదీ తెలుసు. పొద్దున ఇంట్లో అంత మాట్లాడిన రేణుక ఇప్పుడు వద్దని తల అడ్డంగా ఊపలేదు. మెట్లెక్కి వచ్చి, అత్త భుజం మీంచి ఆ శాలువా తీసి, కుర్చీ మీద పడేసింది.

శ్రీశైలం ముందుకొచ్చాడు. ఈసారి మైకు దగ్గరగానే మాట్లాడాడు.

“పొద్దుగాల తెల్వదన్న. అబద్ధం చెప్పిన. మోటరు డబ్బ ఎనక, రెండో వరుసల, పెద్ద బండరాయి ఉంటది చూడు పటేలా. అదే మా తాత తలకాడి రాయి. నువ్వు డ్రిప్పు పైపు ఎయ్యుమన్నవు. దాని మీదికెల్లి పైపు ఏసింది నేనే.”

వెనక వరుసలోని ముసలాయన షామియానా దాటి తివాచీ మీదికి వచ్చాడు. ఆయన వెనక ఇంకో ముగ్గురు ఆడవాళ్లు లేచారు. పక్కింటి పెంటమ్మ, “మా అమ్మది గూడ ఆడ్నే ఉండె,” అని ఎవరితోనో గట్టిగా అంది.

జగదీశ్ ముఖం మీద నవ్వు అప్పుడు పోయింది. అతను కండువా మనుషులకు కనుసైగ చేశాడు. ఇద్దరు మోటర్‌సైకిల్ ఎక్కి తోట దారి పట్టారు. పక్క కొట్లో అప్పటికప్పుడు కొన్న కొత్త తాళం ఒకని చేతిలో ఉంది.

శ్రీశైలం చొక్కా ఎత్తి మొలతాడు పట్టుకున్నాడు. చెమటకు బిగుసుకుపోయిన ముడి ఎంతకూ ఊడలేదు. రేణుక వంగి దాన్ని పళ్లతో పట్టి తెంపింది. తాళంచెవిని అత్త అరచేతిలో పెట్టింది.

“నడువు అత్తా. వాళ్లు తాళం మార్చక ముందే పోవాలె.”

మణెమ్మ ఖాళీ చెంబును చంకన పెట్టుకుంది. దాని మెడకున్న రిబ్బను లాగి కింద పడేసింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లు దిగి, పటేల్ ఇంటి ముందు నుంచి పోయే దారి పట్టింది. ఆ దారినే పోతే తోట దగ్గర.

వేదిక మీద మైకు వాడు ఏం చేయాలో తోచక మళ్లీ ‘మాసయ్య’ అని మొదలుపెట్టాడు.

“నువ్వు నోరు మూస్కో,” అంది మణెమ్మ వెనక్కి తిరగకుండానే. “ఆయన పేరు ముందల నేను పిలువాలె.”